హైదరాబాద్‌లో జియోక్యాషింగ్ గ్రూపు పెట్టాలంటే: ఇరవై డబ్బాలు వద్దు, ఒక్కటి చాలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మియాపూర్‌లో మీ అపార్ట్‌మెంట్ వాళ్లు, ఆఫీసు స్నేహితులు, పిల్లలు కలిసి జియోక్యాషింగ్, అంటే ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట, మొదలుపెట్టాలనుకుంటున్నారు. యాప్ తెరిస్తే హైదరాబాద్‌లో డబ్బాలున్న చోట్లను చూపించే చుక్కలు తక్కువగా కనిపించాయి, ఉన్నవాటిలో కొన్ని చాలాకాలంగా ఎవరికీ దొరకలేదు. అందుకని మీరే ఒక శని, ఆదివారాల్లో ఊరంతా తిరిగి ఇరవై డబ్బాలు దాచేద్దామనుకుంటున్నారు. గోల్కొండ, కేబీఆర్ పార్కు, ట్యాంక్‌బండ్ మీ జాబితాలో ఉన్నాయి. పోలీసులతో ఇబ్బంది వస్తుందా, మెటల్ డిటెక్టర్ కొనాలా, అమెరికాలో ఉన్న మీ అన్నయ్య చేత జీపీఎస్ పరికరం తెప్పించుకోవాలా అని కూడా అడిగారు.

మీ ఉత్సాహం చూస్తే నిజంగా సంతోషంగా ఉంది. అయినా ఆ ఇరవై డబ్బాల ప్లాన్ మాత్రం వదిలేయండి. ఈ ఊళ్లో ఆట నిలదొక్కుకోకపోవడానికి డబ్బాలు తక్కువ కావడం కారణం అని నేను అనుకోను. దాచినవాళ్లు మళ్లీ వెళ్లి చూసుకోకపోవడమే కారణం. ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయినవాళ్లు, పిల్లల పరీక్షలొచ్చి మానేసినవాళ్లు, ఒక్క వర్షాకాలం తర్వాత విసుగొచ్చినవాళ్లు వదిలేసిన చుక్కలే అవి. మీరు ఇంకో ఇరవై పెడితే, వచ్చే ఏడాది మీలాంటి ఇంకో గ్రూపు యాప్ తెరిచి ఇదే ప్రశ్న అడుగుతుంది.

ఆట గురించి కొత్తగా వింటున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం, మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో తాను కావాలని కలుపుతూ వచ్చిన తేడాను తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకు అటూ ఇటూ చూపించిన రిసీవర్లు పది, ఇరవై మీటర్ల లోపు చూపించడం మొదలుపెట్టాయి. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ పెట్టి, అందులో నోటుపుస్తకం, పెన్సిల్, కొన్ని వస్తువులు ఉంచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. కొద్దిరోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన వెతికి పట్టుకున్నాడు. ఆ సెప్టెంబరులో జియోక్యాషింగ్ డాట్ కామ్ మొదలైంది. ఆట ఇప్పటికీ అదే. వెళ్లాలి, వెతకాలి, లాగ్‌బుక్‌లో పేరు రాయాలి, ఏదైనా తీసుకుంటే అంత విలువైనదే ఇంకొకటి పెట్టాలి, డబ్బాను ఎలా ఉందో అలాగే మళ్లీ దాచాలి.

మీ గ్రూపు మొదటి రెండు మూడు నెలలు వెతకడం మీదే పెట్టండి. ఉచిత ఖాతా చాలు. ప్రీమియం సభ్యులకు మాత్రమే కనిపించే క్యాష్‌లు (దాచిన డబ్బాలను ఆటలో ఇలాగే అంటారు) కొన్ని ఉంటాయి, వాటి గురించి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో సీజియో అనే ఉచిత యాప్ కూడా బాగా పనిచేస్తుంది. మీకు కనిపించిన ఆ దొరకని చుక్కలు ఉన్నాయి చూశారూ, వాటి దగ్గరికే వెళ్లండి. బాగా వెతకండి. దొరక్కపోతే దొరకలేదని నిజాయితీగా డీఎన్ఎఫ్ (డిడ్ నాట్ ఫైండ్) లాగ్ రాయండి. చాలామంది దాన్ని నామోషీగా భావించి రాయరు. నిజానికి పెట్టిన మనిషికీ, సైటు తరఫున క్యాష్‌లను పరిశీలించే రివ్యూవర్‌కీ అందే మొదటి కబురు అదే. వరసగా డీఎన్ఎఫ్‌లు పడి, పెట్టినవాళ్లు స్పందించకపోతే రివ్యూవర్ ఆ క్యాష్‌ను ఆర్కైవ్ చేస్తాడు, అంటే జాబితాలోంచి తీసేస్తాడు, ఆ చోటు కొత్తవాళ్లకు ఖాళీ అవుతుంది. ఈ ఊరి జియోక్యాషింగ్‌కు కొత్త గ్రూపు చేయగలిగిన మొదటి మేలు ఇదే. ఒక్కటి మాత్రం చేయకండి: డబ్బా పోయిందని మీరే జేబులోంచి ఓ చిన్న సీసా తీసి అక్కడ పెట్టి, దొరికినట్టు రాసుకోవడం. పాతది అసలు పోయిందో లేదో మీకు తెలియదు, కొత్తదాన్ని చూసుకునే నాథుడూ ఉండడు.

ఇక పోలీసుల సంగతి. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. అన్నిచోట్లా బాంబులు పేలాయి. ఆ సాయంత్రాలు గుర్తున్న మనిషికి, బస్టాపు రెయిలింగ్ కింద నల్ల టేపు చుట్టిన డబ్బా కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఆ భయం న్యాయమైనది. మనం సర్దుకోవలసింది ఆ భయానికి తగ్గట్టుగానే, జనం మన ఆటకు సర్దుకోవాలనుకోకూడదు. వేరే దేశాల వీడియోల్లో చూసి పీవీసీ పైపు ముక్కలు, స్టీలు టిఫిన్ డబ్బాలు, వైర్లు వేలాడే నకిలీ కరెంటు బాక్సులు ఇక్కడ పెట్టకండి. లోపల ఏముందో బయటికి కనిపించే పారదర్శకమైన డబ్బా వాడండి. దాని మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో పెద్ద అక్షరాలతో "ఇది ఆట డబ్బా, ప్రమాదం లేదు, మూత తీసి చూడవచ్చు" అని రాసి, క్యాష్ కోడ్ (సైటు ఆ డబ్బాకు ఇచ్చే కోడ్) వేయండి. రైల్వే పట్టాలు, మెట్రో స్టేషన్లు, బస్టాండ్లు, ఎయిర్‌పోర్టు దారి, సచివాలయం, అసెంబ్లీ చుట్టుపక్కల, బడులు, కంటోన్మెంట్ గోడలు, గుడి, మసీదు, చర్చి ప్రహరీలు: ఇవేవీ వద్దు. రివ్యూవర్ పట్టుకోకపోయినా మీరే వద్దనుకోవాలి. ట్యాంక్‌బండ్ కూడా కొట్టేయండి. వినాయక నిమజ్జనం రోజుల్లో అక్కడ అనుమానాస్పదమైన ప్రతి వస్తువునూ తనిఖీ చేస్తారు, చేయాలి కూడా.

వెతుకుతున్నప్పుడు కానిస్టేబులో వాచ్‌మనో వచ్చి ఏం చేస్తున్నారని అడిగితే, ఊరికే నడుస్తున్నామని చెప్పకండి. ఫోన్ తీసి యాప్ చూపించండి, డబ్బా దొరికితే అదీ చూపించండి. దాచుకున్నట్టు కనిపించే జవాబే టెన్షన్ తెస్తుంది. చీకటి పడ్డాక వెతకడం మానండి. ఆడపిల్ల ఒక్కతే వెళ్లి పదినిమిషాలు నిలబడలేని చోట డబ్బా పెట్టకండి. నా దృష్టిలో అలాంటి చోటు ఎంత అందంగా ఉన్నా అది మంచి క్యాష్ కాదు.

గోల్కొండ, చార్మినార్ ఆర్కియాలజికల్ సర్వే రక్షణలో ఉన్నాయి, వాటికి 1958 నాటి చట్టం వర్తిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి వెతికేవాళ్లు పదిమంది వస్తే పాత గచ్చు రాలుతుంది. నాలుగు వందల ఏళ్లు నిలిచినదాన్ని మన ఆట కోసం గీకకూడదు. కేబీఆర్ నేషనల్ పార్కు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, లోపల ఏ వస్తువూ వదిలి రావద్దు. కుతుబ్ షాహీ సమాధులు, పైగా సమాధులు కూడా ఇంతే.

అయితే ఆ చోట్లకు జనాన్ని తీసుకెళ్లడానికి డబ్బా అవసరమే లేదు, ఇక్కడే హైదరాబాద్‌కు ఉన్న అదృష్టం చెప్పాలి. ఎర్త్‌క్యాష్ అని ఒక రకం ఉంది. అందులో దాచేదేమీ ఉండదు. భూగర్భ విశేషం ఉన్న చోటికి రప్పించి, అక్కడ నిలబడి చూస్తేనే చెప్పగలిగే ప్రశ్నలు అడుగుతారు. వచ్చినవాళ్లు జవాబులు పెట్టినవాళ్లకు పంపాలి. మన గుట్టల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఖాజాగూడ, దుర్గం చెరువు, మౌలాలి వైపు ఒక బండ మీద ఇంకో బండ నిలబడి ఉండడం చూసి ఎవరో పేర్చారనుకుంటారు పిల్లలు. ఎవరూ పేర్చలేదు, ఎక్కడినుంచో దొర్లుకుంటూ కూడా రాలేదు. భూమి లోపలే ఉన్న పెద్ద రాయికి అడ్డంగా, నిలువుగా పగుళ్లు పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. మూలల మీద రెండు మూడు వైపుల నుంచి నీరు పనిచేస్తుంది కనుక అవి ముందు అరిగాయి, చదరంగా ఉన్న దిమ్మెలు గుండ్రంగా మారాయి. మధ్యలో మెత్తబడ్డ మట్టి కాలక్రమంలో కొట్టుకుపోయింది, గట్టి గుండ్లు ఉన్నచోటే ఒకదాని మీద ఒకటి మిగిలాయి. కొన్ని బండల మీద ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తుంటాయి, చూసే ఉంటారు, అదీ ఈ కథలో భాగమే.

ఎర్త్‌క్యాష్‌లో అడగాల్సిన ప్రశ్నలు ఇలా ఉండాలి: ఈ బండలో గులాబీ గింజలు ఎక్కువా, బూడిద రంగువి ఎక్కువా? పగులు ఏ దిక్కుగా పోతోంది? పై బండా కింది బండా ఒకే రాయిలోంచి విడిపోయినవే అనడానికి మీకు కనిపించిన ఆనవాలు ఏమిటి? ఎనిమిదేళ్ల పిల్ల అయినా మోకాళ్ల మీద కూర్చుని చూసి చెప్పగలదు. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి ఈ బండల కోసం పోరాడుతోంది, వాళ్ల నడకలకు ఒకసారి మీ గ్రూపును తీసుకెళ్లండి. గుట్టలు కరిగిపోతున్న ఊళ్లో, పిల్లలు ఒక బండను పేరుపెట్టి గుర్తుంచుకోవడం చిన్న విషయం కాదు. ఎర్త్‌క్యాష్‌కు కూడా స్థలం ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోవాలి, సైటులో దాని పేజీ రాయడానికి రాళ్ల గురించి కొంచెం చదవాలి. ఆ శ్రమ పడండి. పోయే డబ్బా లేదు, తడిసే కాగితం లేదు, కాబట్టి మీరు ఇల్లు మారినా అది నిలబడుతుంది.

చరిత్ర ఇష్టమున్నవాళ్లు మీ గ్రూపులో ఉంటే మిస్టరీ క్యాష్ (పజిల్ విప్పితేనే డబ్బా ఉన్న చోటు తెలిసే రకం) ఆలోచించండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ మూడు సంవత్సరాల్లోని అంకెలతో చివరి చోటు కోఆర్డినేట్లు (అక్షాంశ రేఖాంశాలు) కట్టవచ్చు. అయితే ఆస్పత్రిలో రోగుల మధ్య గుంపుగా తిరగకండి, చెట్టు దగ్గర ఏమీ పెట్టకండి. అసలు డబ్బా మీవాళ్ల చోట ఎక్కడైనా ఉండాలి.

ఇప్పుడు మీ మొదటి డబ్బా. మీ అపార్ట్‌మెంట్‌కు నడిచి వెళ్లే దూరంలో పెట్టండి, రోజూ పాలప్యాకెట్‌కు వెళ్తూ చూసుకోగలిగినంత దగ్గరైతే ఇంకా మంచిది. ఒక డబ్బాకు మరో డబ్బాకు మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది నియమం. నేల తవ్వి పాతిపెట్టకండి. స్థలం యజమాని అనుమతి ఉండాలి. మన కాలనీల్లో అనుమతి అంటే కాగితం కంటే మనుషులు ముఖ్యం. కాలనీ పార్కు అయితే వెల్ఫేర్ అసోసియేషన్ ప్రెసిడెంట్‌తో, రోజూ పొద్దున్నే వచ్చే వాకర్స్ అసోసియేషన్ పెద్దలతో మాట్లాడండి. పార్కు మున్సిపల్ కార్పొరేషన్‌దైతే వాళ్ల సర్కిల్ ఆఫీసులో కూడా అడగాలి. తర్వాత తోటమాలికి, ఊడ్చే అమ్మకు, గేటు దగ్గర వాచ్‌మన్‌కు డబ్బా చేతికిచ్చి చూపించండి. "అన్నా, పిల్లల ఆట ఇది, ఎవరైనా ఇక్కడ వెతుకుతుంటే కంగారు పడకండి, డబ్బా కింద పడితే ఈ నంబరుకు ఒక్క ఫోన్ చేయండి" అంటే చాలు. ఆ తర్వాత మీ డబ్బాను మీకంటే జాగ్రత్తగా చూసేది వాళ్లే. ఆటలో ఊళ్లోవాళ్ల కంటపడకుండా ఉండడం ఒక సరదా అని చదివి ఉంటారు. దారినపోయే వాళ్ల దగ్గర అలా ఉండండి, ఆ చోటును రోజూ చూసుకునే వాళ్ల దగ్గర మాత్రం వద్దు. తెలియనివాళ్లు ఊడ్చి పారేస్తారు, లేదా భయపడి ఫోన్ చేస్తారు. రెండింటిలోనూ తప్పు మనదే.

తెలిసినవాళ్ల చాయ్ హోటల్ బయట పెడదామని మీలో ఎవరికైనా అనిపిస్తే, పెట్టొచ్చు. కానీ వచ్చినవాళ్లు లోపలికి వెళ్లాల్సిన, మనుషుల్ని అడగాల్సిన, ఏదైనా కొనాల్సిన అవసరం ఉండకూడదు, పేజీలో హోటల్‌ను పొగడకూడదు. వ్యాపార ప్రచారంలా కనిపిస్తే రివ్యూవర్ ఒప్పుకోడు.

డబ్బా బేగంబజారులో కొనండి. నాలుగువైపులా క్లిప్పులు, లోపల రబ్బరు రింగు ఉన్న గట్టి ప్లాస్టిక్ రకం అడగండి. కొనేముందు రింగు ఊడదీసి మళ్లీ పెట్టి చూడండి, వదులుగా ఉంటే వద్దు. ఇంటికొచ్చాక లోపల టిష్యూ కాగితం వేసి రాత్రంతా బకెట్ నీళ్లలో రాయి కింద ముంచి ఉంచండి. తెల్లారి కాగితం పొడిగా ఉంటేనే అది పనికొస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మన వానలకు లాగ్‌బుక్ ముద్దయిపోవడం కూడా ఈ ఊళ్లో క్యాష్‌లు చచ్చిపోవడానికి ఒక కారణం. లాగ్‌బుక్‌ను జిప్ కవర్లో పెట్టండి, పెన్నుకు బదులు పెన్సిల్ ఉంచండి, సిరా తడికి కరిగిపోతుంది. మే నెల ఎండకు క్లిప్పులు పెళుసెక్కి విరుగుతాయి, కాబట్టి ఎండ పడని చోటు చూడండి, వేసవి అయ్యాక ఒకసారి, మొదటి పెద్ద వాన పడ్డాక ఒకసారి తప్పకుండా మూత తీసి చూడండి. లోపల తినేవేమీ పెట్టొద్దు, చాక్లెట్ పెడితే చీమలు, ఎలుకలు వస్తాయి. మందులు, అగ్గిపెట్టెలు, కత్తులు నిషిద్ధం. గోలీలు, విదేశీ నాణేలు, లాడ్‌బజార్ గాజు, చిన్న నిర్మల్ బొమ్మ లాంటివి పెట్టండి, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు అపురూపంగా తీసుకెళ్తారు. లోపల నంబరున్న లోహపు బిళ్ల దొరికితే అది ట్రావెల్ బగ్. అది మీ సొంతం కాదు, ఇంకో క్యాష్‌కు చేర్చాలి. రాళ్ల మధ్య పెడితే చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూడాలని పేజీలో రాయండి. తేళ్లు, పాములు ఉండే చోటే అది.

కోఆర్డినేట్ల దగ్గర కొత్తవాళ్లు తరచూ తడబడతారు. మనకు అలవాటైన మ్యాపులో చార్మినార్ 17.3616, 78.4747 అని డిగ్రీల్లో కనిపిస్తుంది. జియోక్యాషింగ్‌లో డిగ్రీలు, నిమిషాలు రాస్తారు: ఉత్తరం 17° 21.696', తూర్పు 78° 28.482'. దశాంశాన్ని 60తో గుణిస్తే నిమిషాలు వస్తాయి. గుణించకుండా 17° 36.16', 78° 47.47' అని ఎక్కిస్తే మీ చార్మినార్ ఈశాన్యంగా నలభై కిలోమీటర్లకు పైగా జరిగి కీసర అవతల తేలుతుంది. నిమిషంలో వెయ్యో వంతు దాదాపు 1.8 మీటర్లు, కాబట్టి చివరి అంకె కూడా లెక్కే. ఫోన్ జీపీఎస్ ఖాళీ ఆకాశం కింద ఐదు మీటర్ల లోపు చూపిస్తుంది, టవర్ల మధ్య, పెద్ద బండల పక్కన సిగ్నల్ గోడలకు తగిలి రావడం వల్ల ఎక్కువ తప్పుతుంది. వేర్వేరు రోజుల్లో వెళ్లి కొలిచి సగటు తీసుకోండి.

అందుకే అన్నయ్య చేత పరికరం తెప్పించాల్సిన పని లేదు. ముఖ్యంగా ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే రకం అస్సలు వద్దు. మన దేశంలో వాటిని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే కేసవుతుంది, పాపం ఆయన ఎయిర్‌పోర్టులోనే ఇరుక్కుంటాడు.

మెటల్ డిటెక్టర్ కూడా వద్దు, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గుప్తనిధుల కోసం పాత గుళ్లు తవ్వేవాళ్ల వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. ఊరి చివర గుట్ట దగ్గర నలుగురు ఫోన్లు పట్టుకుని రాళ్ల సందుల్లో వెతుకుతుంటే ఊరివాళ్లకు వచ్చే మొదటి అనుమానం అదే. చేతిలో డిటెక్టరో, గడ్డపారో ఉంటే ఇక చెప్పేదేముంది. నిజంగా భూమిలో పది రూపాయలకు మించి విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది, పురావస్తువులకు 1972 చట్టం వేరే ఉంది. కాబట్టి పల్లెల వైపు వెళ్తే ముందు సర్పంచ్‌తోనో గుట్ట కింద పశువులు కాసుకునే వాళ్లతోనో మాట్లాడండి. నిధి వేట అనే మాట నోటివెంట రానివ్వకండి, పిల్లలతో రాళ్లు చూడ్డానికి వచ్చామని చెప్పండి, మీరు ఎర్త్‌క్యాష్ కోసం వెళ్తే అది అక్షరాలా నిజం కూడా.

గ్రూపు కట్టడానికి మాత్రం డబ్బా పెట్టేదాకా ఆగనక్కర్లేదు. ఈవెంట్ పెట్టండి, అంటే ఆడేవాళ్లంతా ఒకచోట కలుసుకోవడం. కనీసం అరగంట ఉండాలి, రెండు వారాల ముందే పేజీ పంపాలి. కొండాపూర్ బొటానికల్ గార్డెన్ మీకు దగ్గర, ఆదివారం పొద్దున్నే బాగుంటుంది, టికెట్ ఉంటుందని పేజీలో రాయండి, గుంపుగా వస్తున్నామని గేటు దగ్గర ముందే చెప్పండి. ఊళ్లో ఇప్పటికే ఆడుతున్నవాళ్లు, పని మీద వచ్చిన విదేశీయులు యాప్‌లో చూసి వస్తారు, ఇరవై వీడియోలు చూసినా తెలియనివి వాళ్లతో గంట మాట్లాడితే తెలుస్తాయి. రెండో ఈవెంట్ చెత్త ఏరే కార్యక్రమంగా పెట్టండి, దాన్ని సీఐటీఓ (క్యాష్ ఇన్ ట్రాష్ అవుట్) అంటారు, 2002 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు. మీ దగ్గరి చెరువు గట్టు మీద గోనెసంచులతో రెండు గంటలు పనిచేశాక, అదే వాకర్స్ అసోసియేషన్‌ను డబ్బాకు అనుమతి అడిగి చూడండి. పేజీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, పంపేముందు ఇక్కడ పెట్టండి. కోఆర్డినేట్ల లెక్క, అనుమతి వివరం చూసి ఏం మార్చాలో చెబుతాను.